బెదరని కుక్కపిల్ల

నంద్యాలలో ఒకరింట్లో డాల్మేషియన్ కుక్కపిల్లలు, తెల్లటి ఒంటి మీద నల్లమచ్చలుండేవి, ఉన్నాయని తెలిసి, ఆదివారం చర్చి అయ్యాక ఆళ్లగడ్డలో బస్సెక్కాను. మా ఆయన పోయి అప్పటికి ఏడాది. బడి నుంచి ఇంటికొస్తే పలకరించే దిక్కు లేదు.

మా నాయన శిరివెళ్లలో సేద్యం చేసేవాడు. ఎద్దును కొనేముందు దాని వెనక చేరి రేకుడబ్బా మోగించేవాడు. బెదరకపోతేనే బేరం. నేనూ అంతే. ఐదు పిల్లలూ పాలు తాగుతుంటే వెనక నిలబడి స్టీలు పళ్లెం మీద గరిటెతో కొట్టాను. నాలుగు మంచం కిందకి దూరాయి. ఒకటి మాత్రం తలెత్తకుండా పాలు నాకుతూనే ఉంది. దానికి ఒక కన్ను నీలం.

"దాని కన్ను అట్లుండాది, ఇంకోటి తీసుకో మేడమ్" అంది ఇంటావిడ.

"ఇదే కావల్ల. గుండె గట్టిది" అన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

రోజూ సాయంత్రం వరండాలో కూర్చుని దానితో మాట్లాడేదాన్ని. హెడ్మాస్టరు మీద కోపం, మోకాళ్ల నొప్పి, అన్నీ. ఆస్పత్రిలో చివరిరోజు మా ఆయన నన్ను పిలుస్తుంటే నేను కింద టీ తాగుతున్న సంగతి కూడా దానికే చెప్పాను. ఇంకెవరికీ చెప్పలేదు. అది నా ముఖం మీంచి చూపు తిప్పేది కాదు. వెనక నుంచి పిలిస్తే మాత్రం వచ్చేది కాదు. పొగరనుకుని రెండుసార్లు చెప్పుతో కొట్టాను.

"ఏందే, నీకు గాదా చెప్తాండేది?"

ఒకరోజు అది గేటు ముందు నిద్రపోతుంటే ట్రాక్టరు హారన్ కొట్టుకుంటూ మీదికొచ్చింది. అది కదల్లేదు. డ్రైవరు బ్రేకు వేశాడు కాబట్టి బతికింది. మర్నాడు ఆటోలో నంద్యాల పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన దాని తల వెనక తాళాలగుత్తి ఆడించి చూశాడు.

"పుట్టు చెవుడు మేడమ్. వీటికి తెల్లరంగు ఇచ్చే జన్యువే కొన్నిట్లో చెవి లోపలి రంగు కణాలను కూడా లేకుండా చేస్తాది. అవి లేకుంటే వినికిడి నిలవదు. నీలం కన్నుండే వాటిలో ఇది ఎక్కువ. ఏం చూసి ఎంచుకున్యారు దీన్ని?"

పళ్లెం సంగతి దాచి, ముద్దొచ్చి తెచ్చుకున్నానని చెప్పాను.

ఇంటికొచ్చి వరండాలో కూర్చున్నాను. ఆ టీ సంగతి ఒక్క ప్రాణికైనా చెప్పుకున్నాననే ఇన్నాళ్లూ నిద్రపోగలిగాను. ఎవరికీ చెప్పలేదన్నమాట. సిగ్గూ ఏడుపూ కలిసి వచ్చాయి. అది ఎదురుగా కూర్చుని నా పెదాల వంక చూసింది. అవి ఎంతకీ కదలకపోయేసరికి, ముందుకాలు ఎత్తి నా నోటి మీద పెట్టింది.