పుంగనూరు దాటితే అద్దాలు

కారులో సెంటుబుడ్డి కనపడితే మా మామకు ఒళ్లు మండేది. రెండువేల సంవత్సరం తర్వాత ఆయన కొన్న పాత కారు అది. వానాకాలం ఏసీ వేస్తే ముక్కిన తడిగుడ్డ కంపు కొట్టేది.

"రెండు మూరలు మల్లెపూలు కట్టప్పా," అనేవాళ్లు ఎక్కినోళ్లంతా.

"కంపును పూలతో కప్పేదానికి ఇదేమన్నా శవమా?" అని ఎగిరిపడేవాడు మామ.

కుప్పం నుంచి మదనపల్లెకు వస్తాంటే పుంగనూరు దాటగానే ఏసీ ఆపేసి, ఉత్త ఫ్యాను తిప్పి, నాలుగు అద్దాలూ దించేవాడు. "లోపల తడి ఆరల్ల. ఆరితే కంపు యాడిది?" అనేవాడు. ఒకసారి పెళ్లికూతురి జడ చెదిరిపోతాందని వియ్యపురాలు అరిచి గోల చేసినా అద్దం ఎక్కించలేదు. "జడ మళ్లీ వేసుకోవచ్చులేమ్మా," అన్నాడు.

మామ కుప్పం ఆసుపత్రిలో పోయినాడు. ఆయన్ను ఆ కారులోనే ఇంటికి తెస్తాండాము. నడిపేది నేను. వెనక కూర్చున్న చుట్టం ఒకాయన సంచిలోంచి సెంటుబుడ్డి తీసి మామ మీద చల్లబోయినాడు. మామ తల ఒళ్లో పెట్టుకోనుండిన అత్త ఆ చుట్టం చెయ్యి గట్టిగా పట్టుకునింది.

"లోపల పెట్టు దాన్ని," అని, నా పక్క తిరిగింది. "పుంగనూరు దాటినాము గదప్పా. అద్దాలు దించు."