రెక్క పక్కన మనిషి

మంగళవారం పొద్దున ఆఫీసు బస్సు కోసం నిలబడి ఉండగా ఆంటీ ఫోన్ చేశారు. "మీ అంకుల్ పోయినారమ్మా. కాఫీ కలుపుకోని వచ్చే లోపల పోయినారు. నువ్వు రా," అన్నారు. గొంతులో ఏడుపు లేదు. బస్సు వచ్చి వెళ్లిపోయింది. నేను ఫుట్‌పాత్ మీద అలాగే కూర్చుండిపోయాను.

ఆయన నాకు బంధువు కాదు. కుందలహళ్ళిలో నేను ఆరేళ్లు అద్దెకున్న ఇంటి యజమాని. పై వాటా నాది, కింద వాళ్లిద్దరూ. ఆయన్ను ఓనరంకుల్ అనీ, ఆయన భార్యను ఆంటీ అనీ పిలిచేదాన్ని. వాళ్లది కాటన్‌పేటలో బట్టల వ్యాపారం చేసిన పాత తెలుగు కుటుంబం. అన్నదమ్ములంతా కొట్లో కూర్చుంటే ఆయనొక్కరే ఎయిర్‌ఫోర్సులో చేరారు.

ఇంట్లో దిగిన వారానికి, నీళ్ల మోటారు పని చేయడం లేదని చెప్పడానికి కిందికి వెళ్లాను. హాల్లో నాలుగు గోడలకీ యుద్ధ విమానాల పటాలే. మబ్బులు చీల్చుకుని పోయేవి, మంచులో దిగేవి, ఎడారి మీద నీడ పరిచేవి. "మీరు పైలటా అంకుల్?" అని అడిగాను.

"కాదమ్మా. పైలట్‌ను కూర్చోబెట్టి బెల్టు బిగించేవాణ్ణి," అన్నారు.

గోడల మీద ఉన్నవి కొన్నే. మిగతావి లోపలి గదిలో, వెడల్పాటి ఇనప సొరుగుల్లో పడుకుని ఉండేవి. చిత్రకారుడు వేసిన రంగుల బొమ్మను మంచి కాగితం మీద కొన్ని ప్రతులే అచ్చు వేసి, ప్రతి దానికీ వరస నంబరు రాసి, కింది తెల్ల అంచులో పెన్సిల్‌తో సంతకం చేస్తాడట. అలాంటి ప్రింట్లను ఆయన రిటైరైన నాటి నుంచి సేకరించారు. ఆదివారం భోజనాలయ్యాక ఒక సొరుగు తెరిచేవారు. నాకూ ఒక జత తెల్ల నూలు గ్లౌజులు ఇచ్చేవారు. కాఫీ గ్లాసుతో ఆంటీ గడప దాటకూడదు. "యుద్ధాలు చేసిన విమానాలంట, కాఫీ చుక్కకి భయపడతాయంట," అని ఆవిడ బయటి నుంచే అనేవారు.

నేను మబ్బులు బాగున్నాయి అంటే ఆయన ఒప్పుకునేవారు కాదు. "బొమ్మను కింద నుంచి చూడల్లమ్మా. ఆకాశం ఎవురైనా వేస్తారు," అనేవారు. చక్రాలు సరిగా ముడుచుకున్నాయా, చక్రానికి అడ్డం పెట్టే దిమ్మ ఉందా, ఇంధనం పైపు ఎటు నుంచి వచ్చింది, ఇవీ ఆయన చూసేవి. చక్రం తలుపు తప్పుగా వేశాడని ఒక విదేశీ చిత్రకారుడికి ఉత్తరం కూడా రాశారు. జవాబు రాలేదు. ఆ ప్రింటును మాత్రం పారేయలేదు. "పాపం, ఎప్పుడూ దాని కింద పండుకోని చూసుండడు," అన్నారు.

ఆయన వెతికేది ఇంకొకటి ఉందని నాకు అర్థం కావడానికి చాలా ఆదివారాలు పట్టింది. నేల మీది మనుషులు. ఒక ప్రింటులో మూలన, గింజంత సైజులో ఇద్దరు పైపు లాగుతూ ఉంటారు. భూతద్దం నా చేతికిచ్చి, "నడుము చూడు ఎట్ల వంచినాడో. వీడు నిజంగా పని చేస్తా ఉండాడు," అన్నారు. అన్ని సొరుగుల్లోనూ అలాంటివాళ్లు పదిమంది కూడా ఉండరు.

నాట్ అనే చిన్న యుద్ధ విమానం గురించి ఒక్కసారే చెప్పారు. డెబ్బై ఒకటి యుద్ధం నాటికి ఆయనకు ఇరవై రెండేళ్లు. ఉత్తరాన సరిహద్దు దగ్గరి స్థావరంలో ఆ విమానం ఆయన చేతి కింద ఉండేది. "పైలట్ సీటు పొరపాటున పైకి ఎగిరిపోకుండా దానికి ఎర్రగుడ్డ కట్టిన పిన్నులు ఉంటాయి. అవి తీసి ఆయనకి చూపించల్ల. ఆయన తల ఊపితేనే నేను దిగి ఎడమ రెక్క పక్కన నిలబడేది. ఆ పొద్దు తల ఊపినాడు. నవ్వినాడు కూడా. పిన్నులు జేబులో పెట్టుకుంటి. తిరిగొచ్చినాక మళ్లా పెట్టల్ల కదా." చొక్కా జేబు తడుముకున్నారు. "సాయంత్రం దాకా జేబులోనే ఉండె," అన్నారు.

ఆ రోజు ఉదయం ఆ విమానం బయల్దేరబోయే దృశ్యాన్నే ఒక చిత్రకారుడు బొమ్మ వేశాడని చాలా ఏళ్ల తర్వాత ఆయనకు తెలిసింది. అప్పటికి ప్రతులన్నీ అమ్ముడైపోయాయి. ఎన్నో చోట్లకు రాశారు. ఈలోగా కళ్లు మసకబారడం మొదలై, ఆపరేషన్ చేసినా ఆగలేదు. నేనూ వెతకడం మొదలుపెట్టాను. చనిపోయిన ఒక అధికారి ఇంట్లోవాళ్లు సామాన్లు తీసేస్తున్నారని తెలిసి పుణే వెళ్లి, వాళ్ల దగ్గరున్న ఆ ప్రింటును తీసుకొచ్చేసరికి ఆయనకు వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలియడం లేదు.

పటాన్ని ఒళ్లో పెట్టాను. అద్దం అంచులు తడుముకుంటూ, "తోక నంబరు చదువు," అన్నారు. చదివాను. "అదే. అదే అది," అన్నారు. తరవాత మెల్లిగా అడిగారు. "ఎడమ రెక్క పక్కన ఎవురన్నా ఉండారామ్మా?"

ఎవరూ లేరు. తడిసిన కాంక్రీటు, దాని మీద విమానం నీడ, అంతే.

"ఉన్నారు అంకుల్. ఒకాయన నిలబడి ఉన్నారు," అన్నాను.

ఆయన పటం మీదికి వంగారు. "చొక్కా చేతులు మడిచిండాడా?"

"మడిచి ఉన్నారు."

"ఎక్కడ? పెట్టు," అని చూపుడు వేలు చాచారు. ఆ వేలు పట్టుకుని అద్దం మీద ఆనించాను.

ఆ తర్వాత ఇంటికి ఎవరొచ్చినా చెప్పేవారు, "నేనుండాను దీంట్లో." ఆయనతో పని చేసిన పాత మిత్రుడొకాయన వచ్చి, పటం వైపు చూసి, నా వైపు చూసి, "అవునప్పా, నువ్వే," అన్నాడు. నేను తల దించుకున్నాను. తర్వాత పెళ్లయి ఆ ఇల్లు ఖాళీ చేశాను. నిజం చెప్పి క్షమించమని అడగాలని వెళ్లిన ప్రతిసారీ అనుకునేదాన్ని. ఆయన ముఖం చూసి చెప్పలేకపోయేదాన్ని. ఇక చెప్పడానికి ఆయన లేరు.

పన్నెండో రోజు కార్యమయ్యాక, వచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక, ఆంటీ నన్ను లోపలి గదిలోకి పిలిచారు. ఆ పటం మంచం మీద ఉంది. దాని పక్కన కూర్చున్నాను.

"ఆంటీ, ఇందులో ఆయన లేరు. నేను అబద్ధం చెప్పాను," అన్నాను.

"నాకు కండ్లు అగుపిస్తాయి కదమ్మా. ఆ పొద్దే చూసినా."

"అంకుల్‌కి చెప్పలేదా?"

"నేను చెప్పేదేముంది. డిసెంబర్ నెల, ఆడ చలికి చేతులు పగిలిపోతా ఉండెనంట. రెండు స్వెట్టర్లు వేసుకునేవాళ్లంట. చొక్కా చేతులు ఎవురు మడుస్తారు? నువ్వు పైకి పోతానే నవ్వినారు. పాప నా కోసం అబద్ధం చెప్పింది, ఉండనీ అన్నారు."

"మరి అందరితో అలా ఎందుకు చెప్పారాంటీ?"

"నువ్వు నిలబెడితివి కదా, నిలబడినారు."

అప్పుడు ఏడ్చాను. ఆ పదకొండు రోజులూ రాని ఏడుపు. ఆవిడ నా వీపు నిమురుతూ కూర్చున్నారు. కొంచెం సేపటికి పటాన్ని ఒళ్లోకి లాక్కుని, కళ్లద్దాలు సర్దుకుని, "ఆయన వేలు యాడ పెట్టించినావు, చూపీ," అన్నారు.

చూపించాను. ఆవిడ తన వేలు అక్కడ పెట్టారు. పసుపు ఇంకిపోయిన ఆ వేలి కింద తడి కాంక్రీటు, చిన్న విమానం, పక్కన ఇంకా పూర్తిగా తెల్లవారని ఆకాశం.

"ఈడేనా?"

"అక్కడే ఆంటీ."

ఆవిడ వేలు తీయలేదు.