గూబ పిల్లల కోసం చెవి మిషన్

2019లో నల్గొండ బస్టాండు దగ్గర, ఒక మందుల దుకాణం పైన నాది ఒకే ఒక గది. అక్కడ చెవులు పరీక్షించి మిషన్లు అమర్చేదాన్ని. అందరూ ‘చెవుల డాక్టరమ్మ’ అనేవాళ్లు. నేను డాక్టర్ని కాదు, ఆడియాలజిస్ట్‌నని ఎన్నిసార్లు చెప్పినా ఒక్కరూ వినలేదు. నా దగ్గరికి వచ్చేదే వినబడనివాళ్లు, ఇక ఎవరి మీద విసుక్కోను?

చలి మొదలైన రోజుల్లో హుజూర్‌నగర్ నుంచి సత్తయ్య అనే పెద్దమనిషి ఒక్కడే వచ్చాడు. బతుకంతా బియ్యం మిల్లులో పనిచేసినవాడు. మిల్లు హోరులో ఏళ్ల తరబడి ఉన్నవాళ్లకు ముందుగా పోయేది సన్నని శబ్దాలు, మా భాషలో హై ఫ్రీక్వెన్సీ. ఏ శబ్దం ఎంత గట్టిగా ఉంటే వినబడుతుందో చూపే గీతను ఆడియోగ్రామ్ అంటాం. ఆయన గీత సన్నని శబ్దాల దగ్గరికొచ్చేసరికి బావిలోకి దిగినట్టు దిగిపోయింది.

“ఏం ఇనబడ్తలేదు కాకా?” అని గట్టిగా అడిగాను.

“గూబ పిల్లలు బిడ్డా.”

నాకు నవ్వొచ్చింది. టీవీ వినబడటం లేదని, ఫోన్ వినబడటం లేదని వస్తారు గానీ గూబ కోసం వచ్చినవాణ్ని అదే మొదటిసారి చూడటం.

ఆయన నవ్వలేదు. నెమ్మదిగా సంగతంతా చెప్పాడు. మిల్లులో తెల్ల గూబలుండేవట. ఎలుకల్ని తింటాయని మిల్లువాళ్లు వాటి జోలికి పోయేవాళ్లు కాదు. పాత షెడ్డు కూలగొట్టినప్పుడు వాటికి జాగా లేకుండా పోయింది. సత్తయ్య మిల్లు చెక్కలతోనే ఒక పెట్టె కొట్టి, తన పెరట్లో వేపచెట్టుకు కట్టాడు. రెండేళ్లు ఖాళీగానే ఉంది. ఆ ఏడు ఒక జంట వచ్చి అందులో పిల్లల్ని చేసింది.

“పొద్దు గూకంగనే కుర్చేసుకొని కూసుంట. తల్లి ఎలుకను పట్టుకొస్తది. పెద్దపిల్ల గుంజుకుంటది, చిన్నదానికి ఆఖర్న దొరుకుతది. నోర్లు తెరుస్తయి బిడ్డా, అరుస్తున్నట్టే ఉంటది. నాకైతే సినిమాల సౌండ్ వోయినట్టుంటది.”

“సూస్తున్నవు గద, సాలదా?”

“సాలదు. గల్లీ అంతా ఆ అరుపుకు భయపడ్తాంది. నాకొక్కనికే ఇనబడ్తలేదు. గంత పాడు అరుపైతే నా చేతులతోనే పెట్టె తీసేస్త.”

తెల్ల గూబను కొందరు చావుపిట్ట అంటారు. అది ఇంటి మీద అరిస్తే పీనుగ లేస్తుందని భయం. సత్తయ్య పక్కింటి యాదమ్మ కోడలికి నెలలు నిండుతున్నాయి. అంతకుముందు ఒక కాన్పు పోయింది. పెట్టె తీసెయ్యమని యాదమ్మ రోజూ బతిమాలుతోందట. సత్తయ్యకు భార్య పోయింది, పిల్లలు లేరు. గోడ మీదుగా ఇంత కూర ఇచ్చేది, గల్లీ ముచ్చట్లు గట్టిగా అరిచి చెప్పేది యాదమ్మే. ఆమె మాట తీసేస్తే ఆయనకు రోజులో ఇంకో మనిషి మాట లేదు.

మిషన్ పెట్టి పంపాను. పది రోజులకు మళ్లీ వచ్చాడు. మాటలు మంచిగ వినబడుతున్నాయట, గూబలు మాత్రం లేవట. అప్పుడు వెలిగింది నాకు. ఈ మిషన్లలో నాయిస్ రిడక్షన్ అని ఒకటుంటుంది. ఆగకుండా వచ్చే బుస లాంటి చప్పుడును ఫ్యాన్ హోరో, రోడ్డు రొదో అనుకొని అదే తగ్గించేస్తుంది. గూబ పిల్లల అరుపూ బుసే. మిషన్ లెక్కలో అది పనికిరాని చప్పుడు.

హుజూర్‌నగర్‌లో మా చెవి పరీక్షల క్యాంపు ఉన్న రోజు, సాయంత్రం ల్యాప్‌టాప్ పట్టుకొని ఆయన ఇంటికే వెళ్లాను. వేపచెట్టు కింద గూబలు కక్కిన ఎలుక బొచ్చు, ఎముకలు ఉండలు ఉండలుగా పడి ఉన్నాయి. మసక పడుతుండగా పెట్టె రంధ్రంలో రెండు తెల్లని ముఖాలు కనబడ్డాయి. బుస మొదలైంది. కుక్కర్ విజిల్ వేసే ముందు ఊగుతూ బుసకొడుతుంది చూడండి, అట్లా. ఒంటరిగా వింటే నాకూ భయమేసేదే, అబద్ధమెందుకు.

నాయిస్ రిడక్షన్ తీసేసి, సన్నని శబ్దాలను కొంచెం కొంచెంగా పెంచాను. సత్తయ్య ఒక్కసారిగా నా చెయ్యి పట్టుకున్నాడు. తల్లి గూబ చప్పుడు లేకుండా వచ్చి వాలింది. బుస రెట్టింపైంది. ముందు పెద్దదాని నోరు నిండి దాని గొంతు ఆగింది. చిన్నది ఇంకా అరుస్తూనే ఉంది.

“ఓరి నీ... గింతేనా? బువ్వకు ఏడ్సుడు గదనే ఇది! దీనికా ఇంత లొల్లి?” అంటున్నాడు, కళ్ల నుంచి నీళ్లు కారిపోతున్నాయి.

గోడ అవతల యాదమ్మ నిలబడి ఉంది. “ఇన్నవు గదన్నా. ఇగ తీసెయ్యి.”

“ఆకలికేడ్సే పిల్లల్ని యాడికి ఎల్లగొట్టాలె యాదమ్మా? రెక్కలొచ్చి వోయేదాంక ఆగు.”

“నా కోడలికేమన్నయితే?”

“ఏం గాదు.”

“నువ్వు జెప్తవా ఏం గాదని? సరే. మీ గూబలు మీకు, మా మనుషులు మాకు” అని ఆమె లోపలికి పోయింది. నాకు ఆమె మీద కోపం రాలేదు. పోయిన కాన్పు ఆమె కళ్లలో ఇంకా ఉంది.

కొన్ని వారాలకు సత్తయ్య మళ్లీ నల్గొండ వచ్చాడు. పిల్లలు రెండూ ఎగిరిపోయాయట. యాదమ్మ కోడలికి దవాఖానలో ఆడపిల్ల పుట్టిందట, తల్లీబిడ్డా మంచిగున్నారట. చెప్పి మిషన్ తీసి బల్ల మీద పెట్టాడు.

“ఖరాబైంది బిడ్డా. ఆటోలు ఇనబడ్తయి, మైకులు ఇనబడ్తయి. మనుషుల మాటలే ఇనబడ్తలేవు. నువ్వు గూబల కోసం మార్చినవు గద, గందుల మనుషులు వోయినట్టున్నరు.”

మిషన్ చూశాను, ఏ లోపమూ లేదు. స్పీచ్ టెస్ట్ పెట్టాను. అంటే రోగి వెనక నిలబడి మామూలు గొంతుతో మాటలు చెబితే వాళ్లు తిరిగి చెప్పాలి. ‘బువ్వ’, ‘చింతపండు’, ‘సంచి’, ‘చెల్లె’. అన్నీ తప్పు లేకుండా చెప్పాడు.

“మిషన్ మంచిగనే ఉంది కాకా.”

“నువ్వు ఎన్క నిలవడి అంటె ఇనబడె. మరి యాదమ్మ గోడకాడికెల్లి అంటె ఎందుకు...” అని ఆగాడు. బల్ల మీద చేత్తో కాసేపు దుమ్ము తుడిచాడు. “ఆమె అంటలేదన్నట్టు.”

మిషన్ తనే చెవికి పెట్టుకొని, సంచి తీసుకొని మెట్లు దిగిపోయాడు. ఆ సాయంత్రం ఇంటికి పోయే చిట్యాల బస్సులో నాకు ఏడుపు ఆగలేదు.

చెవిని సరిచేయడం నా చేతిలో ఉంది. అవతలి మనిషి నోరు తెరిపించడం నా చేతిలో లేదు. ఇప్పుడు ఎవరికి మిషన్ పెట్టినా, వెంట వచ్చిన మనిషిని కూడా కూర్చోబెట్టి, “రోజూ మాట్లాడుర్రి, లేకుంటే ఇది ఉట్టి ప్లాస్టిక్” అని కసురుతాను. వెంట ఎవరూ లేకుండా వచ్చినవాళ్లకు పరీక్ష అయిపోయినా, నా బస్సు తప్పిపోతుందని తెలిసినా, ఏదో ఒక మాట అడుగుతూనే ఉంటాను.