నాస్తికుడి చేతి చలవ

ఆ రోజుల్లో దేవుడు లేడని అనుకుని ఊరుకోవడం నాకు చాలేది కాదు. ఎందుకు లేడో కూడా చెప్పాలి, ఎదుటివాడు ఔననాలి. తాడేపల్లిగూడెంలో డిగ్రీ చదువుతూ పోగుచేసుకున్న వాదనల్ని ఎవరో ఒకరి మీద దించితే తప్ప అన్నం సయించేది కాదు. అందరికంటే ముందు దొరికేది మా నాయనమ్మ. ఆవిడ పొద్దున్నే దీపం వెలిగిస్తుంటే పక్కన పీట వేసుకుని కూర్చునేవాణ్ణి. "ఒరే, లేదనేవాడికి ఇన్ని మాటలెందుకురా? మన వంటింట్లో ఒంటె లేదు. లేదని రోజూ వచ్చి చెబుతున్నావా? లే, స్నానం చేసిరా, పెసరట్టు వేస్తాను" అనేది. (పెసరట్టు విషయంలో నాకు ఏ సందేహాలూ ఉండేవి కావు.)

చదువయ్యాక కైకలూరులో ఒక రొయ్యల మేత కొట్లో కుదిరాను. చెరువుల వెంట తిరిగి నీళ్లు పరీక్ష చేయడం, రైతుల చేత మా మేత కొనిపించడం పని. "ఏడాది చూస్తాను. రైతులు నిలబడితే ఉద్యోగం పర్మినెంటు, లేకపోతే గూడెం బస్సు" అన్నాడు మా షావుకారు. నాకు దొరికిన మొదటి రైతు ఆకివీడు దగ్గర ఓ పెద్దాయన, అందరూ బాబాయిగారనేవారు. చెరువులో రొయ్య పిల్లల్ని వదిలే రోజున ఆయన కొబ్బరికాయ నా చేతిలో పెట్టారు. ఇదే అదను అనుకుని, "నేను దేవుణ్ణి నమ్మనండీ" అని, ఎందుకని అడుగుతారేమోనని ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. "ఆయ్, అలాగేనండీ. కాయ మా ఆవిడ కొడద్దిలెండి. తమరు పిల్లల్ని వదలండి" అన్నారాయన. అంతే! కారణం అడగనే లేదు. ఆ ఉక్రోషంలోనే సంచి మూతి విప్పి పిల్లల్ని నీళ్లలోకి వదిలాను.

ఆ పంట బ్రహ్మాండంగా వచ్చింది. చుట్టుపక్కల చెరువులకి వైరస్ తగిలినా బాబాయిగారిది నిక్షేపంగా పట్టుబడికొచ్చింది. "మేత కొట్టు కుర్రాడి చెయ్యి మంచిది" అన్న మాట గట్టు గట్టుకీ పాకింది. పిల్లల్ని వదలడానికి రమ్మని రైతులు వెతుక్కుంటూ వచ్చేవారు. వచ్చినవారు మేత కూడా మా దగ్గరే కొనేవారు. నేను ఊరుకుంటేనా? చేతిలో ఏమీ లేదని, మంచి పిల్ల సీడు, శుభ్రమైన నీళ్లు, ఆగకుండా తిరిగి నీళ్లకి గాలి పట్టించిన ఏరియేటర్లే కారణమని ప్రతి గట్టు మీదా ఉపన్యాసం. అందరూ శ్రద్ధగా విని, "బాగా చెప్పారండీ. రేపు ఎన్నింటికొస్తారండీ?" అనేవారు. షావుకారు మాత్రం నాకు దణ్ణం పెట్టాడు. "దేవుడు లేడని చెప్పుకో బాబూ, నాకేం నష్టం లేదు. నీ చెయ్యి మంచిది కాదని మాత్రం చెప్పకు!"

రెండో పంటకి బాబాయిగారి నుంచి పిలుపు రాలేదు. ఎదుటి కొట్టు కుర్రాణ్ణి పిలిచారని, పిల్లల్ని వదిలే రోజు పొద్దున్నే తెలిసింది. ఆయన చేజారితే ఉద్యోగమూ జారుతుంది. కానీ నిజం చెప్పాలంటే ఉద్యోగం కంటే ముందు నాకు ఆ కుర్రాడి చెయ్యి గుర్తొచ్చి ఒళ్లు మండింది. వాడు వదిలిన చెరువు ఒక్కటైనా నిలబడిందా? బండెక్కి ఆకివీడు వెళ్లి, గట్టు మీదే అడిగేశాను. "ఏవండీ బాబాయిగారూ, నా చెయ్యి ఏం తక్కువైందండీ?"

ఆయన కంగారుపడిపోయారు. "అయ్యయ్యో, తక్కువని కాదండీ. చేతిలో ఏమీ ఉండదని తమరు అంత వివరంగా చెప్పారు కదండీ. ఇంటికెళ్లి ఆలోచిస్తే నిజమేననిపించిందండీ. నమ్మకం లేని మనిషిని ఊరికే ఇబ్బంది పెట్టడమెందుకనీ..."

నా వాదన విని మనసు మార్చుకున్న మొట్టమొదటి మనిషి! వాటేసుకోవలసింది పోయి ఎదురు వాదన మొదలుపెట్టాను. పోయిన పంట ఏమైంది, పక్క చెరువులేమయ్యాయి, నేను వదిలిన చోట ఒక్కటైనా దెబ్బతిందా అని వేళ్లు మడిచి మరీ చెప్పాను. ఆయన నోరు తెరుచుకుని వింటుంటే, వాళ్లావిడ వచ్చి రొయ్య పిల్లల సంచి నా చేతికిచ్చింది. "ఇన్ని కారణాలెందుకు బాబూ? వదలాలని ఉంటే వదలండి." ఎదుటి కొట్టు కుర్రాడు నవ్వుతూ పక్కకి జరిగాడు.

ఉద్యోగం నిలిచింది. ఇప్పుడు ఏలూరులో నాకూ ఓ మేత కొట్టుంది. దేవుణ్ణి ఇప్పటికీ నమ్మను. ఎందుకని ఎవరైనా అడిగితే, మా వంటింట్లో ఒంటె లేదని చెప్పి ఊరుకుంటాను. ఆ మాట వినడానికి నాయనమ్మ లేదు, ఉంటే ఇంకో పెసరట్టు వేసేది. ఏ రైతైనా పిల్లల్ని వదలడానికి రమ్మంటే మాత్రం, అరచెయ్యి ఒకసారి చూసుకుని, మారుమాట లేకుండా బండి తీస్తాను.