ఊదారంగు కడ్డీలు చూపించిన సారు

మాకు డిగ్రీలో మైక్రోబయాలజీ చెప్పిన సారు మొన్న విజయనగరంలో గుండెపోటుతో పోయారు. వార్త విన్నప్పుడు ఏడుపు కంటే ముందు నాకు భయం వేసింది. ఎందుకో చెప్పాలంటే ఆయన పాఠం కొంచెం చెప్పాలి.

స్లైడు మీద ఊదారంగు పట్టించి, స్పిరిట్‌తో కడిగినా రంగు వదలని బ్యాక్టీరియాలు గ్రామ్ పాజిటివ్. వాటిలో కడ్డీల్లా ఉండి, కష్టకాలంలో గట్టి గింజలాంటి స్పోరు కట్టేవి బాసిల్లేసి కుటుంబం. గాలి గిట్టని క్లాస్ట్రిడియమ్‌లనూ ఒకప్పుడు ఇందులోనే కలిపి, తర్వాత వేరు పెట్టారు. పంట పురుగును చంపేదీ, ఆంత్రాక్స్ తెచ్చేదీ ఈ ఇంటి అక్కచెల్లెళ్లే. నేనప్పటికే నాలుగు విప్లవ కరపత్రాలు చదివి ఉన్నాను. జనం ఆకలితో ఉంటే ఈ పేర్ల పంచాయితీ ఎందుకని క్లాసులోనే తగువు పెట్టుకున్నాను. సారు కళ్లద్దాలు చొక్కా అంచుతో తుడుచుకుంటూ, "పేరు తెలీకపోతే దేనికి భయపడాలో ఎలా తెలుస్తాదిరా?" అన్నారు. ఆయన కోపం అంతే.

నిరుడు వానల్లో, నెల్లిమర్ల దగ్గర మా మావ పొట్టేలు ఉన్నట్టుండి చచ్చింది. ముక్కులోంచి గడ్డకట్టని నల్లటి రక్తం. మా వైపు అలా పోయిన జీవాన్ని పారేయరు, కోసి పోగులు పంచుకుంటారు. మాంసం కోసం గిన్నెలు వచ్చేశాయి. ఆ రక్తం చూసి, ఆంత్రాక్సేమోనని నేను సారుకి ఫోన్ చేశాను. ఆయన అడిగింది ఒక్కటే: "కత్తి పెట్టీసినారా?"

మెడ దగ్గర అప్పటికే పెట్టేశాడు మావ.

సారు స్కూటర్ మీద వచ్చి అందరినీ వెనక్కి జరిపారు.

"ఏటి సారూ, నిన్నటిదాకా నా ఎనకాల తిరిగిన పొట్టేలు సచ్చీసరికి బాంబైపోనాదా?" అన్నాడు మావ.

"కొయ్యకపోతే ఆ జబ్బు క్రిమి లోపలే కుళ్లులో సస్తాది. కోస్తే గాలి తగిలి గింజ కడతాది. ఆ గింజ నీ మనవల దాకా మట్టిలో ఉంటాది."

"మరి కూరో?" అంది అత్త వెనక నుంచి.

"పప్పొండుకోమ్మా."

పశువుల డాక్టరును పిలిపించి, తోలు తీయనివ్వకుండా లోతుగా పూడ్పించి, సున్నం పోయించి, చుట్టూ ముళ్ల కంచె వేయించారు. ఆ తర్వాత రోజూ వచ్చి మావ చేతులు తిప్పి చూసేవారు. ఒకనాడు వేలి మీద నల్లటి పొక్కు కనిపించింది. "నొప్పేటీ లేదు సారూ," అని మావ నవ్వాడు. సారు మొహం పాలిపోయింది. నొప్పి లేకపోవడమే ఆంత్రాక్స్ పొక్కు గుర్తని నాకూ తెలుసు. ఆయనే మావను ఆసుపత్రికి తీసుకెళ్లి, అనుమానమున్న జబ్బును పేరు పెట్టి చెప్పి, మందు మొదలుపెట్టించారు. మావ బతికాడు.

మచ్చపడ్డ ఆ వేలితోనే మొన్న సారు పాడె పట్టాడు. తిరిగొస్తూ, "మీ సారు లేడని ఆ మట్టికి తెల్దు గదరా," అన్నాడు.

నేను నేరుగా పూడ్చిన చోటికి వెళ్లాను. కంచె ముళ్లు ఎవరో పొయ్యిలోకి కొట్టుకుపోయారు. తిట్లు నోటిదాకా వచ్చాయి, వినేవాళ్లు లేరు. వాన మొదలైంది. అక్కడి నుంచి ఎర్రటి నీళ్లు సన్నటి పాయగా, గొర్రెలు మేసే గట్టు వైపు కదిలాయి. పిడికెడు మట్టితో అడ్డం కడదామని వంగి, ఆ మట్టిని తాకలేక చేతులు వెనక్కి తీసుకున్నాను. నీళ్లు నా కాళ్ల పక్కనుంచే పోతున్నాయి.