మైలేజీ చూసిన ఆదివారం

ఒక మనిషి పేరు చెడగొట్టాను. ఏళ్లుగా ఆ బరువు మోస్తున్నాను. దించుకుందామంటే చోటు దొరక్క ఇవాళ మీ దగ్గర కూర్చున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్ల ముందు ఈ మాట నోట రాదు. మా ఆవిడకు చెబుదామని ఒకటి రెండుసార్లు నోరు తెరిచి, కూరలో ఉప్పు తగ్గిందని చెప్పి మూసుకున్నాను. ఉప్పు సరిగ్గానే ఉంది.

ఖమ్మంలో ఒక లారీల షోరూము, దాని వెనక వర్క్‌షాపు. అక్కడ నా ఉద్యోగం. ఇప్పటి లారీ ఇంజనుకు ఒక చిన్న కంప్యూటర్ ఉంటుంది. ఎంత డీజిల్ పోయాలో, ఎప్పుడు పోయాలో అదే నిర్ణయిస్తుంది. ల్యాప్‌టాప్ తగిలించి దాన్ని చదవడం నా పని. అందులో కంపెనీ పెట్టిన ప్రోగ్రాం తీసేసి బయటి ప్రోగ్రాం ఎక్కిస్తే బండికి పికప్ పెరుగుతుంది, నిండు లోడుతో కూడా ఎత్తు ఎక్కేస్తుంది. కంపెనీకి తెలిసిందో, వారంటీ గోవిందా. ఆ తర్వాత ఇంజను కాలిపోయినా పట్టించుకోరు. అందుకే వారంటీకి వచ్చిన ప్రతి బండిలోనూ బయటి ప్రోగ్రాం ఉందా లేదా చూసి చెప్పడానికి మా మేనేజర్ ఒక మనిషిని పెట్టాడు. ఆ మనిషిని నేనే. సెలవు రోజుల్లో లారీ అడ్డాకు వెళ్లి ఆ బయటి ప్రోగ్రాములు ఎక్కించేదీ నేనే. కంచే చేను మేసిందంటారే, అదన్నమాట.

పద్ధతి చాలా సులువు. సర్వీసుకు తెచ్చే ముందు ఓనర్ నాకు ఫోన్ చేస్తాడు. నేను వెళ్లి కంపెనీ ప్రోగ్రాం తిరిగి పెట్టేస్తాను. బండి బుద్ధిగా షోరూము గేటులోకి వస్తుంది. నేనే చూసి, అంతా సవ్యంగా ఉందని చెబుతాను. బయటికి పోయాక మళ్లీ నాది ఎక్కిస్తాను. తప్పనిపించలేదా అంటారా? అనిపించలేదు. కంపెనీవాడికి ఏం తక్కువ, ఓనర్లు సంతోషంగా ఉన్నారు, నాకూ నాలుగు రాళ్లు వస్తున్నాయి అనుకున్నాను. మధ్యలో డ్రైవర్ అనే మనిషి ఒకడుంటాడని ఒక్కసారి కూడా తట్టలేదు.

వెంకన్న అని ఒక ఓనర్ కొత్త టిప్పర్ కొన్నాడు. చర్ల వైపు గోదావరి ఇసుక తెచ్చి ఖమ్మంలో దింపే పని. ఏట్లో నుంచి ఒడ్డు ఎక్కేటప్పుడు బండి మొరాయిస్తోందని నా దగ్గరికి వచ్చాడు. పికప్ పెంచాను. మైలేజీ తగ్గదు కదా అని అడిగాడు. తగ్గదన్నా, ఇంకా పెరుగుతుంది అన్నాను. ఈ పని చేసే ప్రతివాడూ చెప్పే మాటే అది. బలం ఊరికే రాదని నాకు తెలుసు. నున్నటి రోడ్డు మీద ఆ తేడా అంతగా కనపడదు. చర్ల రోడ్డు గుంతల్లో నిండు లోడుతో ఆగుతూ లేస్తూ పోయే బండి మాత్రం డీజిల్ తెగ తాగుతుంది. అదీ తెలుసు. డ్రైవర్‌కు చెప్పొద్దన్నాడు వెంకన్న. డ్రైవర్‌కు తెలిస్తే అడ్డాకు తెలుస్తుంది, అడ్డాకు తెలిస్తే షోరూముకు తెలుస్తుందని అతని లెక్క. నాకూ అదే కావాలి.

ఆ డ్రైవర్ పేరు జోగయ్య. అసలు పేరు అది కాదు, ఇక్కడికి ఇలా పిలుచుకుందాం. చర్ల అవతల అడవిలో కోయవాళ్ల ఊరు అతనిది. పోడు చేసుకునే ఇంట్లో పుట్టి, క్లీనరుగా చేరి, బండ్లు కడిగి కడిగి, చివరికి హెవీ లైసెన్సు తెచ్చుకున్నాడు. వాళ్ల ఊళ్లో లారీ స్టీరింగు పట్టిన మొదటి మనిషి. కాబిన్‌లోకి చెప్పులతో ఎక్కేవాడు కాదు. పికప్ పెరిగిన కొత్తలో, కొత్త బండి కదా, ఇంజను పదునెక్కిందని సంబరపడ్డాడట. పాపం, ఎందుకు పదునెక్కిందో అతనికేం తెలుసు?

మైలేజీ పడిపోయింది. వెంకన్న అనుమానం డ్రైవర్ మీదికి పోయింది. పోదా మరి? దారిలో డీజిల్ తీసి అమ్ముకునేవాళ్లు లేకపోలేదు. లారీలవాళ్లు తాగుబోతుకైనా స్టీరింగు ఇస్తారు గానీ, డీజిల్ తీస్తాడని పేరు పడ్డవాడికి ఇవ్వరు. ఆ పేరు ఒకసారి అంటితే ఇక ఆ మనిషి డ్రైవరీ అయిపోయినట్టే. జోగయ్య ఒట్లు పెట్టుకున్నాడు. వెంకన్న చెడ్డవాడేం కాదు, తేల్చుకుందామనే నా దగ్గరికి వచ్చాడు.

"తమ్మీ, ఒక్క మాట చెప్పు. డీజిల్ నీ ప్రోగ్రాం తాగుతున్నదా, మా వాడు అమ్ముకుంటుండా? నీదే అయితే మాత్రం మీ మేనేజర్ ముందల కూసుంట."

అప్పటికి అడ్డాలో సగం బండ్లలో ఉన్నది నా పనే. ఒకటి బయటపడితే అన్నీ బయటపడతాయి. కొత్తగా పెళ్లయింది. ఉద్యోగం పోతే బోనకల్ దగ్గర మా ఊరికి పోయి అన్నయ్యతో పాటు మిరప చేలో నిలబడాలి. చదువుకున్నవాడిని, నాకది నామోషీ. ఇదంతా ఒక్క క్షణంలో బుర్రలో తిరిగింది. ప్రోగ్రాంలో ఏమీ లేదన్నా, కావాలంటే ఒక ట్రిప్పు నేనే పక్కన కూర్చుని మైలేజీ చూస్తాను అన్నాను. ప్రోగ్రాం ఎట్లున్నది అట్లనే ఉంచి చూడు అన్నాడు వెంకన్న. అట్లనే అన్నాను.

నేను పక్కన కూర్చుంటానని విని జోగయ్య ఎగిరి గంతేశాడు. ఎవరైనా సారును పక్కన కూర్చోబెట్టమని తనే ఓనర్‌ను బతిమాలుతున్నాడట.

శనివారం సాయంత్రం వైర్లు సరిచూడాలని చెప్పి బండెక్కాను. నా ప్రోగ్రాం తీసేసి కంపెనీది పెట్టాను. చెయ్యి వణకలేదు. ఇప్పుడు తలుచుకుంటే నాకు అన్నిటికన్నా భయం వేసేది దానికే. తప్పు చేస్తున్నవాడికి చెయ్యి వణకాలి కదా? నాకెందుకు వణకలేదు? రోజూ చేసే పనే కాబట్టి వణకలేదని కొన్నాళ్లు సర్దిచెప్పుకున్నాను. కాదు. ఆ నిమిషంలో జోగయ్య నాకు మనిషిగా కనపడలేదు, తప్పించుకునే దారిగా కనపడ్డాడు.

ఆదివారం పొద్దున బంకులో ట్యాంకు మూతి దాకా డీజిల్ పోయించాం. నురగ దిగాలని అందరం బండిని అటూ ఇటూ ఊపి, మళ్లీ పోయించాం. అదే బంకుకు తిరిగొచ్చి మళ్లీ మూతి దాకా నింపితే ఎంత తాగిందో తేలుతుంది. వెంకన్న బంకు దగ్గరే ఉండిపోయాడు. మేమిద్దరం చర్ల పోయి, ఇసుక ఎక్కించుకుని బయలుదేరాం. ఒడ్డు ఎక్కుతుంటే జోగయ్య మొహం చిట్లించాడు. ఇవాళ బండి బరువుగా గుంజుతోంది, ఎందుకు సారూ అని అడిగాడు. అతని కాలికి తెలిసిపోయింది. నిజం అక్కడే ఉంది, చెయ్యి చాస్తే అందేంత దగ్గర. తడి ఇసుక కదా, బరువెక్కువ ఉంటుందిలే అన్నాను. సారు చెప్పాడు కాబట్టి అంతేననుకున్నాడు.

భద్రాచలం దాటాక టీ తాగించాడు. డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు. ఇవాళ్టితో తన మీద మచ్చ పోతుందని, సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి చెబుతానని అన్నాడు. ఆ టీ నేను తాగాను. మొత్తం తాగాను.

బంకులో ట్యాంకు నింపారు. కంపెనీవాళ్లు చెప్పినంత మైలేజీ వచ్చింది. జోగయ్య చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. బండి మంచిదే, నేనూ మంచోణ్నే అన్నట్టు ఓనర్ మొహంలోకి చూశాడు. వెంకన్న మొహంలో నవ్వు లేదు. సారు పక్కన కూర్చుంటే వచ్చిన మైలేజీ నువ్వొక్కడివే పోతే ఎందుకు రాదని మెల్లగా అడిగాడు. జోగయ్యకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నా వైపు తిరిగాడు. మీరు పక్కనే ఉన్నారు కదా, మీరైనా చెప్పండి సారూ అన్నాడు.

బండిలో ఏ లోపమూ లేదు అన్నాను.

అది అబద్ధం కాదు. ఆ రోజున, ఆ ప్రోగ్రాంతో, బండిలో నిజంగానే ఏ లోపమూ లేదు. ఎంత తెలివిగా చెప్పానో చూశారా? నిజంతో ఒక మనిషి గొంతు కోశాను. జోగయ్య తాళంచెవి ఓనర్ చేతిలో పెట్టి, కాబిన్‌లో ఉన్న తన దుప్పటి, టిఫిన్ డబ్బా తీసుకుని, చెప్పులు వేసుకుని రోడ్డు వైపు నడిచాడు.

అంతటితో ఆగానా? లేదు. కొత్త డ్రైవర్ వచ్చాడు. పాత ప్రోగ్రామే పెడితే మళ్లీ మైలేజీ పడిపోతుంది, నా గుట్టు రట్టవుతుంది. అందుకని వెంకన్నకు చెప్పకుండా పికప్ తగ్గించి ఎక్కించాను. మైలేజీ నిలబడింది. చూసిండ్రా, డ్రైవర్ మారంగనే ఎట్ల సక్కగైందో అని వెంకన్న అడ్డా అంతా చెప్పుకున్నాడు. జోగయ్య ఎవరి దగ్గరికి పోయినా, అతని కంటే ముందే ఆ మాట అక్కడికి చేరింది. కొన్నాళ్లు అడ్డాలో నిలబడ్డాడు. నేను ఆ వైపు పోవడం మానేశాను. తర్వాత అతను కనపడడం లేదని విని, నిజం చెబుతున్నాను, హమ్మయ్య అనుకున్నాను.

మొన్న మిరప కోతలప్పుడు ఊరికి పోయాను. చర్ల వైపు నుంచి, ఆ పై ఛత్తీస్‌గఢ్ నుంచి కూలీలు మా వైపుకి వస్తారు. చేల గట్ల మీద గుడారాలు వేసుకుని కోతలు అయిపోయేదాకా ఉంటారు. అన్నయ్య చేలో ఒక మనిషి సాలులో నుంచి లేచి నిలబడ్డాడు. తలకు తువాలు, నడుముకు గోనెసంచి. జోగయ్య. పక్కన అతని భార్య.

"గుర్తు పట్టిండ్రా సారూ?" అన్నాడు.

తలూపాను. బండి నడపడం లేదా అని అడిగాను. ఇంతకన్నా సిగ్గులేని ప్రశ్న ఇంకొకటి ఉంటుందా?

"ఎవరిస్తరు సారూ, పేరు పడ్డది గదా." చేతులు తువాలుకు తుడుచుకున్నాడు. "మస్తు రోజులు ఆలోచన చేసిన. ఆఖరికి సమజైంది. తప్పు నా కాలుదే. మీరు పక్కన కూసున్ననాడు భయానికి మెల్లగ నొక్కిన, మైలేజీ వచ్చింది. ఒక్కన్ని పోయేటప్పుడు గట్టిగ నొక్కినట్టున్న. ఆనాడు బండి బరువుగ గుంజుతున్నదన్న గదా, అది బండి కాదు సారూ, నా భయమే."

ఇన్నేళ్లూ నన్ను తిట్టుకుంటున్నాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. తన పని తనకు రాదని ఒప్పుకుని కూర్చున్నాడు.

"గని సారూ," గొంతు తగ్గించాడు, "నేను అమ్ముకోలేదని మీకు ఎరుకేనా?"

"ఎరుకే," అన్నాను.

అతని మొహం విప్పారింది. "గది చాలు," అన్నాడు. భార్య వైపు తిరిగి వాళ్ల భాషలో ఏదో చెప్పాడు. ఆమె కోత ఆపి, లేచి, నాకు దండం పెట్టింది.

ఎట్లా ఎరుకో అతను అడగలేదు. అడిగితే చెప్పేవాడినా? ఇంటికొచ్చి వందసార్లు వేసుకున్నాను ఆ ప్రశ్న. చెప్పేవాడిని కాదనే అనుకుంటాను. ఇప్పుడు అడ్డం ఏముంది? వారంటీ ఎప్పుడో ముగిసింది. ఆ బండి ఎవరికో అమ్ముడుపోయింది. నేను ఆ పనులు మానేశాను. అడ్డం ఉన్నదల్లా నా కుర్చీ. వర్క్‌షాపులో నన్ను అందరి మీదా పెద్దను చేశారు. కొత్తగా చేరిన కుర్రాళ్లకు బయటి ప్రోగ్రాం ఎలా పట్టుకోవాలో నేర్పేది నేనే. బాగా నేర్పుతానని పేరు కూడా ఉంది.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అడగాల్సింది మిమ్మల్ని కాదు. ఒక్కసారి పూర్తిగా చెప్పనివ్వండి చాలు. జోగయ్య చుక్క డీజిల్ అమ్మలేదు. అతని కాలిలోనూ ఏ తప్పూ లేదు. బండి చేత అంత డీజిల్ తాగించింది నేను, మైలేజీ చూసేనాడు దాన్ని దాచింది నేను, కొత్త డ్రైవర్ వచ్చాక దాన్ని కప్పెట్టింది నేను.

చెప్పేశాను. గుండె కొంత తేలికైంది, దాచను. అయితే తేలికైంది నాకే. ఆ మనిషి ఇంకా తన కాలినే తిట్టుకుంటున్నాడు.