ముందు సీట్లో గ్లాసుడు నీళ్లు

మా బావ లిఫ్టుల మెకానిక్కు. ఊళ్లో పెద్ద పెద్ద మేడల్లో జనం పైకీ కిందికీ హాయిగా తిరుగుతున్నారంటే అదంతా తన చలవేనని ఆయన గట్టి నమ్మకం. ఎవరైనా భోజనానికి పిలిస్తే తిన్నగా వాళ్లింట్లోకి వెళ్లడు. ముందు వాళ్ల మేడ లిఫ్టు రెండు మూడుసార్లు ఎక్కి దిగి, తలుపు చప్పుడు చెవి ఒగ్గి విని, మొహం చిట్లించి, అప్పుడొచ్చి విస్తరి ముందు కూర్చుంటాడు. ఆ లిఫ్టుకి ఉన్న జబ్బులన్నీ వరసగా చెప్పుకొస్తుంటే పిలిచిన పాపానికి వాళ్లకి ముద్ద దిగదు.

ఆయన పనిలో ఒక పద్ధతి ఉంది. కొత్త లిఫ్టు బిగించినా, పాతది బాగుచేసినా, ఒక స్టీలు గ్లాసు అంచుదాకా నీళ్లు నింపి లిఫ్టు నేల మీద పెడతాడు. దాన్ని పైదాకా పంపి మళ్లీ కిందికి దింపుతాడు. చుక్క ఒలికిందా, మనిషిని ఎక్కనివ్వడు. కంపెనీవాళ్లు ఇచ్చిన కొలత మిషను ఇంట్లో అటక మీద పడి ఉంది. ‘దానికి బ్యాటరీ కావాలి, గ్లాసుకి ఏం కావాలి?’ అంటాడు.

పెళ్లయిన కొత్తలో మా అక్కని తను సొంతంగా బిగించిన మొదటి లిఫ్టు చూపించడానికి తీసుకెళ్లాడట. తీసుకెళ్లినవాడు భార్యని గుమ్మంలో నిలబెట్టి, గ్లాసుని పైకి పంపాడట. అది నిండుగా తిరిగొచ్చాక, ‘ఇక నువ్వు ఎక్కు’ అన్నాడట. అక్క ఆ గ్లాసుని ఇంటికి తెచ్చేసుకుంది. అంచు దగ్గర చిన్న సొట్ట ఉంటుంది. ఇన్నేళ్లుగా మంచినీళ్లు దాంట్లోనే తాగుతుంది. ఆ కథ చెప్పినప్పుడల్లా మురిసిపోతుంది కూడా. నన్నెవరైనా అలా గుమ్మంలో నిలబెట్టి ఉంటే ఆ గ్లాసుతోనే నెత్తి మీద ఒకటిచ్చి ఉండేదాన్ని.

ఇంత నాజూకు మనిషి, కారు కొన్నాక మొద్దులా తయారయ్యాడు. ఎవరో కలవారు వాడి వాడి వదిలేసిన విదేశీ కారు అది. దానికి రన్‌ఫ్లాట్ టైర్లు. వాటి పక్కలు రాయిలా గట్టిగా ఉంటాయి కాబట్టి, గాలి మొత్తం పోయినా కూలబడకుండా షాపుదాకా నడుస్తాయి. అందుకే ఆ కారులో అదనపు చక్రం, అదే స్టెప్నీ, ఉండదు. స్టెప్నీ లేకపోవడమే బావకి పెద్ద గొప్ప. అడిగినవాడికీ అడగనివాడికీ డిక్కీ ఎత్తి చూపించి, ‘నా బండి ఆగదు’ అనేవాడు. ఆ డిక్కీ నిండా లిఫ్టు సామానే.

ఆ టైర్ల గట్టితనం ఎంతో లోపల కూర్చున్నవాళ్ల నడుముకి తెలుస్తుంది. మా అక్క పళ్ల డాక్టరు దగ్గర సహాయకురాలు. పొద్దస్తమానం ఎవరో ఒకరి నోట్లోకి వంగి గొట్టం పట్టుకుని నిలబడాలి. నిలబడీ నిలబడీ వెన్నులో డిస్కు జరిగింది. కుదుపులు పనికిరావని డాక్టరు చెప్పాడు. మా రోడ్ల మీద తిరిగే మనిషికి ఆ మాట చెప్పడం, ఈతకి వెళ్లేవాడికి తడవొద్దని చెప్పడం లాంటిది.

“టైర్లు మార్పించండి, మెత్తటివి వేయించండి,” అని అక్క మొదట మామూలుగానే అడిగింది. బావ ఒంటికాలి మీద లేచాడు.

“లోపం బండిలో లేదు. నీ నడుములో ఉంది,” అన్నాడు.

ఆ మాట ఇంట్లో అన్నా సరిపోయేది. నడిరోడ్డు మీద, సిగ్నల్ దగ్గర కారు ఆగినప్పుడు, వెనక సీట్లో నేనుండగా అన్నాడు. అక్క తలుపు తీసుకుని దిగింది.

“ఈ లోపాన్ని నేను బస్సులో మోసుకుపోతా. మీ బండిని మీరు ఊరేగించుకోండి. ఇక దీంట్లో నేను కాలు పెట్టను,” అని చక్కా వెళ్లి బస్సెక్కింది.

మా అక్క తక్కువ మాట్లాడుతుంది, అన్న మాట వెనక్కి తీసుకోదు. ఆ రోజు నుంచి ముందు సీటు ఖాళీ. ఇంట్లో వంట నడిచేది, బట్టలు ఉతికేవారు, దీపాలు వెలిగేవి, మాటలు మాత్రం నా ద్వారా నడిచేవి. నేను వాళ్ల పై వాటాలో ఉంటాను కాబట్టి ‘మీ బావని ఉప్పు కావాలేమో అడుగు’, ‘మీ అక్కని తువ్వాలెక్కడుందో అడుగు’ అంటూ ఇద్దరూ నన్ను మెట్లు ఎక్కించి దింపించి నా తల ప్రాణం తోకకి తెచ్చారు.

బావకి కావలసింది ఒక్కటే, అక్క వచ్చి ఆ సీట్లో కూర్చోవడం. తప్పు నాదే అని ఒక్క మాట అంటే అయిపోయేది. మహానుభావుడు ఆ మాట తప్ప అన్నీ చేశాడు. పొద్దున్నే అక్క ఎక్కిన బస్సు వెనకాలే ఖాళీ కారు నడుపుకుంటూ వెళ్లేవాడు. ప్రతి స్టాపులోనూ బస్సు పక్కన ఆపి, హారన్ కొట్టి, కిటికీలోంచి అక్క వైపు ఆశగా చూసేవాడు. అక్క అటు తిరిగి కూర్చునేది. బస్సు డ్రైవరుకి ఇది ఎంత అలవాటైపోయిందంటే, ఒకరోజు బావ రావడం ఆలస్యమైతే ఆయన స్టాపులో కాసేపు ఆగి చూశాడట.

నా జిరాక్సు కొట్టు ఆ దారిలోనే కాబట్టి ఆ ఊరేగింపులో నేనూ వెనక సీట్లో ఉండేదాన్ని. ఒకరోజు వాన వెలిశాక, స్టాపు ముందు బస్సు చటుక్కున పక్కకి తప్పుకుంది. బావ చూపు రోడ్డు మీద ఉంటే కదా. బస్సు తప్పించిన గుంతలో మేం దబ్బున దిగాం. నా తల కారు పైకప్పుకి కొట్టుకుంది. ఏదో విరిగిన చప్పుడు.

“చూశావా, ఆగలేదు,” అన్నాడు బావ, కారు గడగడలాడుతుంటే.

“ఆగితే దిగుదామని చూస్తున్నా బావా,” అన్నాను.

ఆగకుండా తిన్నగా టైర్ల షాపుకే వెళ్లాం. టైరు పక్క చిరిగి ఉబ్బింది, చక్రం అంచు వంగిపోయింది. షాపాయన ఫోను చెవి నుంచి తియ్యకుండానే కాలితో తన్ని చూశాడు.

“దీనికి అతుకు పడదు. ఇలాంటిదే కావాలంటే బయటి నుంచి తెప్పించాలి, ఎప్పటికొస్తుందో చెప్పలేను. మామూలువి వేసుకుని స్టెప్నీ ఒకటి పడేసుకోండి, అందరిలాగే,” అన్నాడు.

అందరిలాగే అన్న మాటకి బావ మొహం మాడిపోయింది. నేను ఊరుకుంటానా? మామూలు టైరు ఒకటి పక్కన పడి ఉంటే, “దీన్నోసారి నొక్కి చూడు బావా, అక్క పోరంతా దీని గురించేగా,” అన్నాను. విసుక్కుంటూనే బొటనవేలితో నొక్కాడు. తర్వాత తన టైరు నొక్కాడు. మళ్లీ దీన్ని నొక్కాడు. “నాలుగూ మార్చెయ్,” అన్నాడు షాపాయనతో.

చిరిగింది ఒక్కటే. మిగతా మూడూ నిక్షేపంలా ఉన్నాయి. షాపాయన ఫోను కూడా పక్కన పెట్టి బావ వైపు చూశాడు.

ఇంటికొచ్చే దారిలో బావ, “అక్కకి చెప్పకు,” అన్నాడు. నా నోట్లో నువ్వుగింజ నానదని తెలిసి కూడా అంత మాటన్నాడంటే పాపం ఎంత ఇరుక్కుపోయాడో చూడండి. చెబితే లోపం బండిలోనే ఉందని ఒప్పుకున్నట్టేగా. డిక్కీలో చోటు లేక స్టెప్నీని వెనక సీట్లో నా పక్కన కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, పైన దుప్పటి కప్పాడు. అప్పటి నుంచి నేను ఆ ముసుగు చుట్టంతో కలిసి ప్రయాణం చేశాను.

ఆ వారంలోనే అక్క సొట్ట గ్లాసు కనపడకుండా పోయింది. అలమారాలన్నీ సర్దింది, మంచాల కింద వెతికింది.

“నువ్వే పైకి పట్టుకెళ్లి ఉంటావు. పెట్టింది పెట్టినచోట ఉండనివ్వవు,” అని నా మీద పడింది.

దొంగ ఎవరో నాకు తెలుసు. తెల్లవారుతూండగా కిటికీలోంచి రోజూ చూస్తున్నాను. బావ ఆ గ్లాసు అంచుదాకా నింపి కారు ముందు సీట్లో పెట్టి, మా వీధి నుంచి పళ్ల డాక్టరు గుమ్మందాకా వెళ్లి వచ్చేవాడు. గాలి కాస్త తగ్గించి మళ్లీ వెళ్లేవాడు. సీటు కాస్త వెనక్కి జరిపి మళ్లీ వెళ్లేవాడు. ఎక్కబోయేది అక్క కాబట్టి గ్లాసు కూడా అక్కదే ఉండాలట. వీధిలోవాళ్లకి ఈయనకి మతి చలించిందని ఖాయమైపోయింది. నేను నోరు నొక్కుకుని, దొంగతనం నెత్తిన వేసుకుని తిరిగాను. ఇంత త్యాగం నేను పుట్టి బుద్ధెరిగాక చేయలేదు.

అక్కకి నడుము పట్టేసిన ఒక ఉదయం బయటపడింది సంగతి. గోడ పట్టుకుని నెమ్మదిగా గుమ్మం మెట్లు దిగి, బస్సు స్టాపుకి బయల్దేరింది. దారికి అడ్డంగా బావ కారు, అప్పుడే తిరిగొచ్చి ఆగింది. నేను వెనక సీట్లో ఎక్కుతున్నాను. తూలి పడకుండా అక్క కారు కిటికీ పట్టుకుంది. అద్దం దించి ఉంది. ముందు సీటు మీద చెయ్యి పడింది.

“ఇదేంటి, తడిగా ఉంది?”

“వాన,” అన్నాడు బావ.

“కారు లోపల పడిందా?”

అక్క చూపు వెనక్కి వచ్చింది.

“ఆ ముసుగులో ఎవరు?”

నేను దుప్పటి ఒక్క లాగు లాగాను. బావ చెప్పొద్దన్నాడు గానీ చూపించొద్దనలేదుగా. స్టెప్నీ బెల్టు పెట్టుకుని బుద్ధిగా కూర్చుని ఉంది. అక్క దాన్ని చూసింది. ఒంగలేక ఒంగి కారు చక్రాలు చూసింది. తర్వాత సీటు కిందికి దొర్లిన గ్లాసు కనపడింది. తలుపు తీసి దాన్ని అందుకుని సొట్ట తడిమింది. ఆ గ్లాసు ఎందుకు నింపుతారో మా అక్కకి ఎవరూ చెప్పక్కర్లేదు.

“ఒలికిందా?” అంది. ఎన్నాళ్ల తర్వాతో నా మధ్యవర్తిత్వం లేకుండా ఆయనతో అన్న మాట.

“ఒలికింది. ఆ గుంత దగ్గర. ఎంత చూసి నడిపినా రోజూ అక్కడే ఒలుకుతోంది,” అన్నాడు బావ. తల దించుకున్నాడు. “లోపం బండిలోనే ఉంది. ముందు నుంచీ బండిలోనే.”

అక్క గ్లాసు తీసుకుని ఇంట్లోకి వెళ్లిపోయింది. బావ స్టీరింగ్ మీద తల ఆనించాడు. అంతా అయిపోయింది, ఇక ఈ జన్మకి మెట్లు ఎక్కి దిగడమే నా రాత అనుకున్నాను.

అక్క తిరిగొచ్చింది. గ్లాసు అంచుదాకా నిండి ఉంది. తడి సీటు మీద తన సంచీ పరుచుకుని, మెల్లగా కూర్చుని, గ్లాసు ఒళ్లో పెట్టుకుంది.

“పోనివ్వండి,” అంది.

బావ కారు నడిపిన తీరు చూడాలి. సైకిళ్లు మమ్మల్ని దాటిపోయాయి. నడిచేవాళ్లు కూడా దాటిపోయారు. గుంత దగ్గరికి వచ్చాక ఆయన ఊపిరి బిగబట్టాడు, నేనూ బిగబట్టాను. ఒక చక్రం దిగి ఎక్కింది. అక్క ఒళ్లో సగం నీళ్లు. బావ నడిరోడ్డు మీద కారు ఆపేశాడు. వెనక అక్క రోజూ ఎక్కే బస్సు వచ్చి హారన్ మోత మొదలుపెట్టింది.

“దిగుతావా?” అన్నాడు బావ. “బస్సు వెనకే ఉంది.”

“నాకు ఆలస్యమవుతోంది,” అంది అక్క.

డాక్టరు గుమ్మం ముందు దిగి, నడుము ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసుకుంది. మిగిలిన సగం నీళ్లు నిలబడే తాగేసి, ఖాళీ గ్లాసు బావ చేతిలో పెట్టింది.

“సాయంత్రం వచ్చేటప్పుడు తువ్వాలు పట్టుకురండి,” అంది.